పిల్లల గేమింగ్ అకౌంట్‌కు తాళం: ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లలో ఏది ఎవరింటికి నప్పుతుంది

కన్సోల్ కొనేటప్పుడు షాపులో స్టోరేజ్ ఎంత, డిస్క్ డ్రైవ్ ఉందా, రెండో కంట్రోలర్‌కు ఎంతవుతుంది అని అడుగుతాం. పేరెంటల్ కంట్రోల్స్ సంగతి ఎవరూ పెద్దగా అడగరు. అడిగినా "అన్నిట్లోనూ ఉంటాయి సార్" అనేస్తారు. అది అబద్ధమేమీ కాదు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లేదా ఎస్, నింటెండో స్విచ్ మూడింటిలోనూ వయసు పరిమితి ఉంది, టైమ్ లిమిట్ ఉంది, ఖర్చుకూ చాట్‌కూ అడ్డుకట్ట ఉంది. కాగితం మీద రాసుకుంటే మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఇంట్లో పెట్టాక మాత్రం మూడూ మూడు రకాలుగా పనిచేస్తాయి, ఎందుకంటే తాళం పడే చోటు వేరు.

ప్లేస్టేషన్‌లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ తాళం పిల్లల అకౌంట్ మీద పడుతుంది. స్విచ్‌లో ఎక్కువ భాగం మిషన్ మీదే పడుతుంది. మీ ఇంట్లో ఆడే పిల్లలెంతమంది, పెద్దవాళ్లు కూడా అదే కన్సోల్ మీద ఆడతారా, పగలు పిల్లల దగ్గర ఉండేదెవరు? ఈ మూడింటికి జవాబు తెలిస్తే ఏది కొనాలో, కొన్నదాన్ని ఎలా సెట్ చేయాలో చాలావరకు తేలిపోతుంది.

మిషన్‌కు తాళమా, అకౌంట్‌కా

స్విచ్‌తోనే మొదలుపెడదాం, అదే అర్థం చేసుకోవడానికి తేలిక. 2017లో కన్సోల్‌తో పాటే నింటెండో ఒక ఫోన్ యాప్ ఇచ్చింది. అందులో రోజుకు గంట అని పెడితే ఆ గంట మిషన్‌ది, మనిషిది కాదు. అక్క నలభై నిమిషాలు ఆడేస్తే తమ్ముడికి మిగిలేది ఇరవై. నాన్న రాత్రి కాసేపు కార్ రేసు ఆడినా అదే లెక్కలోంచి పోతుంది, లేదా ఆయన పిన్ కొట్టి తాళం తాత్కాలికంగా తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఇది రోజూ తగువే.

ఒక్కరే ఉన్న ఇంట్లో మాత్రం ఇదే పెద్ద సుఖం. పిల్లాడు ఏ పేరుతో తెరిచినా, కొత్త ప్రొఫైల్ సృష్టించుకున్నా గడియారం ఒకటే కాబట్టి తప్పించుకునే దారి దాదాపు ఉండదు. ఎవరు ఏ ఆట ఎంతసేపు ఆడారో ఫోన్‌లో కనిపిస్తుంది. పడుకునే వేళ విడిగా పెట్టుకోవచ్చు. ఒక్క సంగతి మర్చిపోవద్దు. టైమ్ అయిపోయినప్పుడు స్విచ్ మామూలుగా చేసేది తెర మీద హెచ్చరిక చూపించడమే. ఆట నిజంగా ఆగాలంటే యాప్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఆపేసే ఆప్షన్ మనమే ఆన్ చేయాలి. "లిమిట్ పెట్టాం, పనిచేయట్లేదు" అనే ఇళ్లలో ముందు చూడాల్సింది ఇదే.

ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల పద్ధతి దీనికి పూర్తి వ్యతిరేకం. మీరు ఫ్యామిలీ గ్రూపు తెరుస్తారు, పిల్లల పేర చైల్డ్ అకౌంట్ సృష్టిస్తారు, ఎవరి నియమాలు వాళ్లకే. ఏడేళ్ల పాపకు శని, ఆదివారాల్లో గంట, పద్నాలుగేళ్ల బాబుకు రోజుకు గంటన్నర అని పెట్టుకోవచ్చు. ప్లేస్టేషన్‌లో ఫ్యామిలీ మేనేజర్, అంటే గ్రూపు తెరిచిన పెద్దవాళ్లు కాక ఆరుగురిని చేర్చుకోవచ్చు. ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ గ్రూపులో అందరూ కలిపి ఆరుగురు.

ఇంత వీలు ఇచ్చిన ఈ పద్ధతికి ఒక చిల్లు ఉంది. నియమాలన్నీ పాప అకౌంట్‌కే కాబట్టి, పాప నాన్న అకౌంట్‌తో లోపలికి వెళ్తే ఏ నియమమూ ఉండదు. సెట్టింగ్స్‌లో గంటలకొద్దీ కూర్చున్న తల్లిదండ్రులు సైతం తమ సొంత ప్రొఫైల్‌ను తెరిచే ఉంచుతారు. అందుకని ప్లేస్టేషన్‌లో పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు లాగిన్ పాస్‌కోడ్, ఎక్స్‌బాక్స్‌లో ఆరంకెల పాస్‌కీ పెట్టడం మొదటి పని, పిల్లల సెట్టింగ్స్ రెండో పని. ప్లేస్టేషన్ 5లో ఇంకో తలుపు కూడా ఉంది. కొత్త యూజర్‌ను సృష్టించడం, గెస్ట్‌గా ఆడటం. కన్సోల్ రిస్ట్రిక్షన్స్‌లోకి వెళ్లి దాన్ని మూసేయాలి. అక్కడ కంపెనీ ముందుగా ఇచ్చే పాస్‌కోడ్ 0000. ఈ సంగతి మనకన్నా ముందు పిల్లలకు తెలుస్తుంది, వెంటనే మార్చండి.

పుట్టిన తేదీ దగ్గర తొందరపడొద్దు

కొత్త కన్సోల్ తెచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదు. అకౌంట్ అడిగితే ఏదో ఒక సంవత్సరం నొక్కేసి ఆటలోకి దూకుతారు. ప్లేస్టేషన్ విషయంలో దీని ఖరీదు ఎక్కువ. అక్కడ పెద్దవాళ్లదిగా నమోదైన పుట్టిన తేదీని తర్వాత మార్చలేం. పదేళ్ల పిల్లాడు ముప్పై ఏళ్లవాడిగా నమోదైతే ఆ అకౌంట్ ఎప్పటికీ పెద్దవాళ్లదే, దానికి పేరెంటల్ కంట్రోల్స్ రావు. కొత్తగా చైల్డ్ అకౌంట్ తెరవాల్సిందే. పాత దాంట్లో సంపాదించిన ట్రోఫీలు, కొన్న ఆటలు అందులోనే ఉండిపోతాయి. ఆ రోజు ఇంట్లో ఏడుపులు మామూలుగా ఉండవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో పెద్దవాళ్లదిగా నమోదైన పుట్టిన తేదీని తర్వాత సరిచేసుకునే వీలుంది. ఈ ఒక్క విషయంలో ఎక్స్‌బాక్స్ ఉదారం.

దేశం ఎంపిక కూడా అలాంటిదే. ప్లేస్టేషన్ అకౌంట్‌లో దేశాన్ని తర్వాత మార్చుకునే వీలు లేదు. అమెరికాలో కొన్నేళ్లుండి హైదరాబాద్ తిరిగొచ్చిన కుటుంబాలకు ఇది అనుభవమే. అకౌంట్ అమెరికాదిగానే ఉండిపోతుంది, స్టోర్ ధరలు డాలర్లలోనే కనిపిస్తాయి. ఒకట్రెండేళ్లలో దేశం మారే ఆలోచన ఉన్నవాళ్లు పిల్లల అకౌంట్ తెరిచే ముందే ఇది ఆలోచించుకోవాలి.

డబ్బు, అపరిచితులు, ఆ తర్వాతే టైమ్

పేరెంటల్ కంట్రోల్స్ అనగానే అందరూ ముందు అడిగేది టైమ్ గురించి. నా దృష్టిలో అది మూడో స్థానంలో ఉండాలి. రెండు గంటలు ఎక్కువ ఆడితే ఆ రోజు హోంవర్క్ పోతుంది. కార్డు మీంచి డబ్బు పోయినా, ముక్కూమొహం తెలియనివాడు పిల్లతో రోజూ మాట్లాడుతున్నా నష్టం ఆ రోజుతో ఆగదు.

డబ్బు విషయంలో ప్లేస్టేషన్ పద్ధతి నాకు నచ్చుతుంది. పిల్లల అకౌంట్‌కు నెలవారీ ఖర్చు పరిమితి మొదట సున్నా. మీరు పెంచితేనే పెరుగుతుంది, పెంచినా కొన్నది ఫ్యామిలీ మేనేజర్ వాలెట్‌లోంచే పోతుంది. కార్డు నంబరు సేవ్ చేయకుండా అప్పుడప్పుడు గిఫ్ట్ కార్డుతో వాలెట్ నింపితే పోయేదేమన్నా అంతవరకే పోతుంది. ఎక్స్‌బాక్స్ దారి ఇంకొకటి. పిల్లాడు ఏదైనా కొనబోతే మీకు రిక్వెస్ట్ వస్తుంది, ఒప్పుకుంటేనే కొనుగోలు జరుగుతుంది. లేదా వాడి అకౌంట్‌లోనే కొంత డబ్బు వేసి పాకెట్‌మనీలా వదిలేయొచ్చు. పన్నెండు దాటిన పిల్లలకు డబ్బు లెక్క నేర్పాలనుకుంటే ఇదే మేలు. స్విచ్‌లో ఖర్చుకు అడ్డు పెట్టే చోటు ఆ ఫోన్ యాప్ కాదు, నింటెండో అకౌంట్ వెబ్‌సైట్‌లోని ఫ్యామిలీ గ్రూపు. యాప్‌లో అన్నీ చేసేశాం అనుకుని దీన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ.

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు వయసు రేటింగ్‌ను నమ్ముకోకండి. ఫుట్‌బాల్ ఆటలో రక్తం ఉండదు, కాబట్టి రేటింగ్ చిన్నపిల్లలదే ఉంటుంది. కానీ ఏ ఆటగాడొస్తాడో తెలియకుండా డబ్బిచ్చి ప్యాక్‌లు తెరిచే పద్ధతి ఉన్నది అందులోనే. యూరప్ రేటింగ్ సంస్థ పెగీ 2020 నుంచి ఇలాంటి ఆటల మీద యాదృచ్ఛిక వస్తువుల అమ్మకం ఉందని విడిగా చెబుతోంది. పెట్టె వెనక ఆ వాక్యం కోసం చూడండి.

మన దేశంలో ఆటల పెట్టెల మీద సెన్సార్ బోర్డు యూఏ 13+ లాంటి సొంత గుర్తేమీ ఉండదు. కనిపించేవి పెగీ అంకెలు 3, 7, 12, 16, 18, లేదా అమెరికా సంస్థ ఈఎస్ఆర్‌బీ అక్షరాలు. ఈఎస్ఆర్‌బీలో ఎం అంటే పదిహేడు దాటినవాళ్లకు. ఆరో తరగతి పిల్లలు కూడా పేరెత్తే జీటీఏ 5కు పెగీ 18, ఈఎస్ఆర్‌బీ ఎం. "అందరూ ఆడుతున్నారు నాన్నా" అన్న మాటకు జవాబుగా పెట్టె మీది అంకె చూపించడం వాదన కన్నా తేలిక. కన్సోల్‌లో వయసు స్థాయి పెట్టాక ఆ ఆట తెరుచుకోదు, మీ అనుమతి అడుగుతుంది. గేమ్ పాస్ చందా ఉన్న ఎక్స్‌బాక్స్ ఇంట్లో ఈ ఫిల్టర్ మరీ ముఖ్యం. అక్కడ ఒక్కో ఆట కొనక్కర్లేదు, పెద్దల ఆటలూ పిల్లల ఆటలూ ఒకే అరలో ఉంటాయి.

ఇక అపరిచితులు. ఇక్కడ మూడు కన్సోళ్ల మధ్య తేడా కన్నా, కన్సోల్‌కూ ఆటకూ మధ్య తేడా ముఖ్యం. మీరు ప్లేస్టేషన్‌లో చాట్ మూసేశారనుకోండి. రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆట లోపల ఎవరు ఎవరితో మాట్లాడొచ్చన్న నియమాలు రోబ్లాక్స్ అకౌంట్‌లో వేరే ఉంటాయి. 2024 నవంబరు నుంచి తల్లిదండ్రులు తమ అకౌంట్‌ను పిల్లల దానికి జోడించి తమ ఫోన్ నుంచే వాటిని మార్చుకునే వీలొచ్చింది. ఫోర్ట్‌నైట్‌దీ అదే కథ. పిల్లలకు వాయిస్ చాట్ ముందే ఆన్‌లో ఉంచారని, తెలియకుండా కొనుగోళ్లు జరిగేలా బటన్లు పెట్టారని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించడంతో, దాన్ని తయారుచేసే ఎపిక్ కంపెనీ 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అదే నెలలో చిన్నపిల్లల కోసం చాట్, కొనుగోళ్లు మూసి ఉండే ప్రత్యేక అకౌంట్లు తెచ్చింది. కాబట్టి కన్సోల్ సెట్టింగ్స్ అయ్యాక పిల్లలు ఎక్కువగా ఆడే రెండు మూడు ఆటల్లోకి వెళ్లి ఇదే పని మళ్లీ చేయాలి. తప్పదు.

మైన్‌క్రాఫ్ట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది జుట్టు పీక్కునేది అక్కడే. ప్లేస్టేషన్‌లో ఆడినా స్విచ్‌లో ఆడినా, వేరే కన్సోల్ ఉన్న స్నేహితులతో కలిసి ఆడాలంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. అది చైల్డ్ అకౌంట్ అయితే మల్టీప్లేయర్ అనుమతి మైక్రోసాఫ్ట్ వైపు ఇవ్వాలి. ప్లేస్టేషన్ సెట్టింగ్స్ ఎంత తిప్పినా "మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ సెట్టింగ్స్ వల్ల కుదరదు" అనే సందేశమే వస్తుంది. ఎక్స్‌బాక్స్ కొనకపోయినా ఫోన్‌లో ఎక్స్‌బాక్స్ ప్రైవసీ పేజీ తెరవాల్సిన పరిస్థితి ఇది. పిల్లలకు మైన్‌క్రాఫ్టే ప్రాణమైతే మొదటినుంచీ ఎక్స్‌బాక్స్ తీసుకుంటే రెండు చోట్ల సెట్ చేసే బాధ తప్పుతుంది.

స్విచ్ 2 కొన్నవాళ్లకు ఒక మాట. 2025 జూన్‌లో వచ్చిన ఆ కన్సోల్‌లో గేమ్‌చాట్ అనే వాయిస్, వీడియో మాటల సౌకర్యం ఉంది. పదహారేళ్ల లోపు పిల్లలు అది వాడాలంటే పేరెంటల్ కంట్రోల్స్ యాప్ ద్వారా పెద్దవాళ్లు అనుమతించాలి. మంచి కట్టడి, అయితే ఇదీ పుట్టిన తేదీ సరిగా ఇచ్చిన ఇళ్లలోనే పనిచేస్తుంది.

టైమ్ అయిపోయాక ఏం జరగాలి

ఇప్పుడు టైమ్. ప్లేస్టేషన్‌లో ప్లేటైమ్ పెట్టేటప్పుడు ముందు టైమ్ జోన్ అడుగుతుంది. నాన్న డల్లాస్‌లో, పిల్లలు విజయవాడలో ఉన్న ఇళ్లలో ఇక్కడ పిల్లలున్న చోటి టైమ్ ఇవ్వాలి. రోజుకు ఎంతసేపు, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అన్నవి విడివిడిగా ఉంటాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. టైమ్ అయ్యాక హెచ్చరిక మాత్రమే ఇవ్వాలా, లాగౌట్ చేయాలా?

చిన్నపిల్లలకు లాగౌటే సరి. ఎనిమిదేళ్ల పిల్లకు హెచ్చరిక అంటే ఇంకో అరగంట అనే అర్థం. పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్ల విషయంలో మాత్రం హెచ్చరికతో సరిపెట్టమంటాను. వాళ్లు ఆడేవి ఎక్కువగా ఆన్‌లైన్ మ్యాచ్‌లు. మధ్యలో కన్సోల్ బయటకు తోసేస్తే జట్టు ఓడిపోతుంది, మ్యాచ్ వదిలేసినందుకు కొన్ని ఆటలు శిక్ష కూడా వేస్తాయి. ఆ కోపం ఆట మీద కాదు, మీ మీద తిరుగుతుంది. హెచ్చరిక వచ్చాక నడుస్తున్న మ్యాచ్ అవ్వగానే ఆపాలి అని మాట తీసుకోండి. మాట తప్పితే ఆ వారానికి లాగౌట్ ఆప్షన్‌కు మారండి. మార్చడానికి నిమిషం చాలు.

ఎక్స్‌బాక్స్ బలం వేరే చోట ఉంది. కన్సోల్‌కూ విండోస్ కంప్యూటర్‌కూ కలిపి ఒకే షెడ్యూల్ పెట్టొచ్చు. టీవీ దగ్గర టైమ్ అయిపోతే లాప్‌టాప్ మీద కొనసాగించడం కుదరదు. ఆన్‌లైన్ క్లాసుల రోజుల నుంచి పిల్లలకు సొంత లాప్‌టాప్ ఉన్న ఇళ్లకు ఈ ఒక్క కారణం చాలు ఎక్స్‌బాక్స్ వైపు మొగ్గడానికి. పైగా 2020లో వచ్చిన ఫ్యామిలీ సెట్టింగ్స్ యాప్‌లో పిల్లాడు అదనపు టైమ్ అడిగితే ఆఫీసులో ఉండే ఇవ్వొచ్చు. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ ఈ విషయంలో చాలా కాలం వెనకబడి ఉండేది. వెబ్‌సైట్‌లోకో కన్సోల్‌లోకో వెళ్లి మార్చాల్సి వచ్చేది. 2025 సెప్టెంబరులో ప్లేస్టేషన్ ఫ్యామిలీ యాప్ వచ్చాక ఆ తేడా బాగా తగ్గింది. స్విచ్ యాప్‌లో కూడా ఆ రోజుకు అదనపు టైమ్ ఇవ్వొచ్చు, కాకపోతే కన్సోల్‌కు నెట్ ఉండాలి. రైల్లో చేత్తో పట్టుకుని ఆడుతున్న స్విచ్‌కు మీ ఫోన్‌లో మార్చినది చేరదు.

అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, సాయంత్రం పిల్లలను అమ్మమ్మో తాతయ్యో చూసుకునే ఇళ్లు మనకు ఎక్కువ. అక్కడ పిన్ ఎవరికి చెప్పామన్నదే మొత్తం వ్యవహారం. "తాతయ్యా, స్కూల్ వర్క్ కోసం" అంటే ఏ తాతయ్య అయినా నంబరు చెప్పేస్తారు. పిన్ మీదే నడిచే స్విచ్‌కు ఇది ఎక్కువ ప్రమాదం, ఒక్క పిన్‌తో తాళాలన్నీ ఊడతాయి. ఇలాంటి ఇంట్లో ఫోన్ నుంచి అనుమతిచ్చే పద్ధతే మంచిది. పెద్దవాళ్ల మీద పోలీసు పని పెట్టనక్కర్లేదు. అడిగితే "మీ అమ్మకు మెసేజ్ పెట్టు" అనేస్తే వాళ్లకూ టెన్షన్ ఉండదు.

మరి ఏది

పదేళ్ల లోపు ఒక్క పిల్లో పిల్లాడో ఉండి, పెద్దవాళ్లెవరూ ఆడని ఇంటికి స్విచ్. సెట్ చేయడం తేలిక, కంపెనీ సొంత ఆటలు ఆ వయసుకు తగ్గవే. అమెరికాలో, యూరప్‌లో ఉండేవాళ్లకు ఇంకో ఆలోచన అక్కర్లేదు. మన దేశంలో మాత్రం నింటెండో అధికారిక అమ్మకాలు లేవు. షాపుల్లో దొరికేవి దిగుమతి సరుకు, రిపేరు వస్తే చూసే సర్వీస్ సెంటర్ ఉండదు, స్టోర్ అకౌంట్ వేరే దేశానిది పెట్టుకోవాలి. ఆ ఇబ్బందికి సిద్ధపడితేనే కొనండి.

వయసు తేడా ఉన్న ఇద్దరు పిల్లలు, ఇంట్లో విండోస్ లాప్‌టాప్ ఉంటే ఎక్స్‌బాక్స్. నాన్నకో అమ్మకో కూడా ఆటల పిచ్చి ఉండి, ఖర్చు గట్టిగా పట్టుకోవాలనుకుంటే ప్లేస్టేషన్, పెద్దవాళ్ల ప్రొఫైల్‌కు పాస్‌కోడ్ పెట్టే షరతు మీద. పదహారు దాటినవాళ్ల ఇంట్లో పేరెంటల్ కంట్రోల్స్ చూసి కన్సోల్ ఎంచుకోవడం అనవసరం. ఖర్చు పరిమితి ఒక్కటి ఉంచి మిగతావి వదిలేయొచ్చు. స్నేహితులంతా దేని మీద ఆడుతున్నారో అదే కొనండి. తెలిసినవాళ్లతో ఆడితే అపరిచితుల బెడద సగం తగ్గుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు డబ్బిచ్చే ముందే పాత ఓనర్ చేత అకౌంట్లు తీయించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ప్లేస్టేషన్ 5లో కన్సోల్ రిస్ట్రిక్షన్స్ పాస్‌కోడ్ మర్చిపోతే మొత్తం చెరిపేయడం తప్ప దారి లేదు. స్విచ్ అయితే ఆయన ఫోన్‌లోని పేరెంటల్ కంట్రోల్స్ యాప్ నుంచి కన్సోల్‌ను విడదీశాడో లేదో అక్కడే అడిగి, మీ ఎదుటే చేయించుకోండి.